ఎన్ని రోజుల గోలీ?

మొన్న శనివారం అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో మా బతుకమ్మ. ఇక్కడ చెరువుగట్టు లేదు కాబట్టి ఒక బడి జిమ్ము అద్దెకు తీసుకుని, బాస్కెట్‌బాల్ గీతల నడుమ బతుకమ్మలు పెట్టి ఆడతాం. తంగేడు దొరకదు, గునుగు దొరకదు. బంతీ, చామంతీ, దుకాణంలో పసుపుగా కనిపించిన పూలేవో అవీ పేరుస్తాం. రెండు చుట్లు ఆడి పక్కకొచ్చి నీళ్లు తాగుతుంటే, మా అమ్మ వయసున్న ఒకామె నా చెయ్యి పట్టుకుని చెవి దగ్గరికి వంగింది. "తమ్ముడు ఇంకా ఆ గోలీ మీదనే ఉన్నడా బిడ్డా? ఇంకెన్ని రోజులు?"

ప్రేమతోనే అడిగింది, నాకు తెలుసు. మా ఇంట్లో వండుకునే ఓపిక లేని రోజుల్లో పప్పుగిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లిన మనిషి ఆమె. అయినా చేతిలో ఉన్న సత్తుముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాను. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. తమ్ముడికి చదివి వినిపించాకే పంపుతున్నాను. పేరూ పనిచేసే చోటూ తప్ప ఏదైనా రాసుకో అక్కా అన్నాడు.

ఎన్ని రోజులు. నాలుగేళ్లుగా వింటున్న ప్రశ్న ఇది. ప్రతి ఆదివారం ఫోన్లో అమ్మ అడుగుతుంది. బాబాయి అడుగుతాడు. సంబంధం తెచ్చిన పెద్దమనిషి అడిగాడు. బీమా కంపెనీ నుంచి మాట్లాడిన అమ్మాయి కూడా, ఎంతో మర్యాదగా, అదే అడిగింది. కోర్సు ఎన్నాళ్లు, ఎప్పటికి ముగుస్తుంది, ఆపేశాక ఇక బాగైనట్టేనా?

వాడు 2017లో ఎమ్మెస్‌కు వచ్చాడు. 2019 చలికాలంలో మంచు మీద కారు జారి నడుముకు దెబ్బ తగిలింది, ఆపరేషనయింది, నొప్పికి ఆక్సీకోడోన్ గోలీలు రాశారు. డాక్టరు చీటీ ఇవ్వడం ఆపేనాటికి ఒళ్లు దానికి అలవాటు పడిపోయింది. బయట కొనడం మొదలుపెట్టాడు. బయట దొరికేవి చూడ్డానికి అచ్చం ఫార్మసీ గోలీల్లాగే ఉంటాయి, లోపల ఉండేది ఫెంటనిల్. మార్ఫిన్ కంటే నూరు రెట్లు బలమైన మందు. మా ఇంటికి ఇరవై మైళ్ల దూరంలో తమ్ముడు ఇలా కరిగిపోతుంటే, పండగకు వచ్చినప్పుడు చిక్కావేమిట్రా అని ఇంకో గరిటె అన్నం వడ్డించాను. అంతే నేను చేసింది.

తెలిసిన రోజున మేం చేసింది అందరూ చేసేదే. 28 రోజుల సెంటర్లో చేర్పించాం. ఈ దేశంలో ఆ 28కి ఒక మహత్తు ఉంది, మనకు మండలం లాగా. వైద్యంలో దానికి ఆధారమేమీ లేదనీ, బీమా వాళ్లు ఎంతకాలానికి డబ్బు కడతారో దాన్ని బట్టి స్థిరపడిన లెక్క అనీ తరువాత తెలిసింది. వాడు శుభ్రంగా, కళ్లల్లో వెలుగుతో బయటికి వచ్చాడు. అమ్మకు వీడియో కాల్ చేసి చూపించాను. అమ్మ వేములవాడ రాజన్నకు కోడెమొక్కు చెల్లించింది. వచ్చిన ఆరో రోజు రాత్రి వాడు బాత్రూమ్ నేల మీద నీలంగా మారిన పెదవులతో పడివున్నాడు.

మాకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఇరవై ఎనిమిది రోజులు మానేసిన ఒంటికి పాత మోతాదును తట్టుకునే శక్తి పోతుంది. లోపలి ఆశ మాత్రం పోదు. ఏ మందూ తోడు లేకుండా అలా మాన్పించి ఇంటికి పంపిన తొలి వారాలే అన్నిటికంటే ప్రాణాంతకమైనవి. మేం బాగైన కొడుకును తెచ్చుకున్నాం అనుకున్నాం.

వాడు బతికింది రూమ్మేట్ వల్ల. గుంటూరు అబ్బాయి. లైబ్రరీలో నాలోక్సోన్ స్ప్రే ఉచితంగా ఇస్తుంటే ఎందుకైనా మంచిదని తెచ్చి సొరుగులో పడేశాడట. ముక్కులో ఒకసారి కొట్టాడు, 911కు ఫోన్ చేశాడు, రెండు మూడు నిమిషాలు చూసి ఇంకోసారి కొట్టాడు. తమ్ముడు ఊపిరి పీల్చాడు.

ఈ విషయంలో ఈ రాష్ట్రానికి నేను చేతులెత్తి దండం పెడతాను. కొలంబస్‌కు దక్షిణాన, ఒహాయో నది ఒడ్డున పోర్ట్స్‌మత్ అని చిన్న ఊరుంది. ఒకప్పుడు డబ్బిస్తే నొప్పి గోలీలకు చీటీ రాసిచ్చే క్లినిక్కులతో నిండిపోయి, ఇంటికొక శవాన్ని చూసిన ఊరు. మామూలు మనుషుల చేతికి నాలోక్సోన్ ఇచ్చి, వాడడం నేర్పే పని ఒహాయోలో 2012లో ఆ ఊళ్లోనే మొదలై, అక్కణ్నుంచి రాష్ట్రమంతా పాకింది. 2023 నుంచి దేశమంతటా చీటీ లేకుండానే దుకాణంలో దొరుకుతోంది. 2022లో ఈ దేశంలో 1,07,000 మందికి పైగా మత్తుమందుల మోతాదు మించి చనిపోతే, 2024లో ఆ లెక్క 80,000 దాకా దిగింది. ఆ తగ్గుదలకు కారణాలు చాలా ఉంటాయి, గుంటూరు పిల్లవాడి సొరుగు లాంటి సొరుగులూ వాటిలో ఉన్నాయని నేను నమ్ముతాను.

ఆ తరువాత దొరికింది ఈ గోలీ. నిజానికి గోలీ కూడా కాదు, నాలుక కింద పెట్టుకునే పలచని రేకు. బ్యూప్రెనార్ఫిన్, కొంచెం నాలోక్సోన్ కలిపి. మెదడులో ఫెంటనిల్ వెళ్లి కూర్చునే చోటే ఇదీ కూర్చుంటుంది, గట్టిగా కూర్చుంటుంది, కానీ దానంత పని చేయదు. ఒక హద్దు దాటాక ఎంత పెంచినా మత్తు పెరగదు, ఊపిరి ఆగే ప్రమాదం చాలా తక్కువ. ఒంటికి ఆకలి తీరుతుంది, మనిషి పనికి పోతాడు.

మొదలుపెట్టడమే కష్టం. లోపల ఫెంటనిల్ ఉండగా వేస్తే, ఇది దాన్ని ఒక్కసారిగా నెట్టేసి నరకం చూపిస్తుంది. అందుకని బాధ బాగా ముదిరే దాకా ఆగాలి. ఆ రోజు మా హాల్లో సోఫా మీద వాడు దుప్పట్లో వణుకుతూ, చెమటలు కక్కుతూ, ఆవలిస్తూ, కాళ్లు కొట్టుకుంటూ ఉంటే నేను డాక్టరిచ్చిన కాగితం మీద గుర్తులు పెడుతూ కూర్చున్నాను. ఇప్పుడు పెట్టనా అక్కా, ఇప్పుడు పెట్టనా అని అడుగుతాడు. ఇంకొంచెంసేపురా నాన్నా అంటాను. తెల్లవారుజామున పెట్టుకున్నాడు. ముప్పావుగంటకు కాళ్లు ఆగాయి. అన్నం పెట్టమన్నాడు. పెరుగు కలిపి, మామిడికాయ తొక్కు వేసి పెట్టాను. తిన్నాడు.

దీనికోసం అంతకుముందు మూడు వారాలు ఎదురుచూశామని చెబితే మీరు నమ్మరు. అప్పట్లో ఈ మందు రాయాలంటే డాక్టరుకు ప్రత్యేక అనుమతి ఉండాలి, ఒక్కో డాక్టరు ఇంతమందికే రాయాలన్న పరిమితీ ఉండేది. వాణ్ని ఇందులోకి దింపిన ఆక్సీకోడోన్ రాయడానికి అలాంటి అదనపు అనుమతేదీ అక్కర్లేదు. ఆ నిబంధనను 2022 డిసెంబరు చివర్లో చట్టం చేసి తీసేశారు. మూడు వారాల్లో ఎంతమంది అక్కల తమ్ముళ్లు పోయారో.

ఇప్పుడు చెప్పండి, ఎన్ని రోజులని అడిగితే నాకెలా ఉంటుంది?

అమ్మకు షుగర్ గోలీతో పోల్చి చెప్పేదాన్ని. నీ గోలీ ఎన్ని రోజులని ఎవరన్నా అడుగుతున్నారా అమ్మా, అని. కొన్నాళ్లకు ఆ పోలిక నాకే నచ్చకుండా పోయింది. అమ్మ తన గోలీల డబ్బా టీవీ పక్కన పెట్టుకుంటుంది. తమ్ముడు తన పెట్టెను సాక్సుల కింద దాచుకుంటాడు. పైగా మన భాషలో మందు అంటే మందే, మందంటే సారా కూడా. వాడు మందు మీద ఉన్నాడు అని నేనంటే ఊళ్లో ఏమని వినిపిస్తుంది?

మా ఊళ్లో అర్థం కావాల్సిన మాటే నిజానికి. మాది నిజామాబాదు జిల్లా. 2015 సెప్టెంబరులో కల్తీకల్లు మీద దాడులు జరిగినప్పుడు నేనింకా అక్కడే ఉన్నాను. చెట్టుకల్లు కాదు, డైజోపాం, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన మందుకల్లు. సరఫరా ఆగిన రెండో మూడో రోజుకు మా మేనమామ మంచం మీద కూర్చుని గాలిలో ఏదో ఏరుతున్నాడు. చేతులు వణుకు, నాలుక మడత పడడం, ఆపైన ఫిట్స్. జిల్లా ఆసుపత్రి వరండాలో పక్కపక్కనే అలాంటివాళ్లు ఎందరో. కొందర్ని ఎర్రగడ్డ ఆసుపత్రికి తీసుకుపోయారు. మా మామకు డాక్టరు చేసిందేమిటంటే, కల్లులో కలిపిన ఆ జాతి గోలీనే లెక్కగా ఇచ్చి, వారాల తరబడి మెల్లగా తగ్గించుకుంటూ రావడం. మత్తుకు మత్తే ఇస్తున్నరేంది సారూ అని అత్తమ్మ ఏడ్చింది. నెలన్నరకు మామ పొలం పోయాడు. మామకు తగ్గిస్తూ రావడం పనికొచ్చింది, తమ్ముడికి కొనసాగించడం పనికొస్తోంది. ఆ వరండా చూసిన మనుషులే ఇవాళ నన్ను ఎన్ని రోజులని అడుగుతున్నారు.

అమ్మ నమ్మకం మాల మీద. నాన్న ఏటా అయ్యప్ప మాల వేసుకునేవాడు. తాగుడు బాగా ఉన్న మనిషి, నలభై ఒక్క రోజులు చుక్క ముట్టేవాడు కాదు. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భిక్ష. నిన్నటిదాకా తిట్టిన ఊరే స్వామీ అని చేతులు జోడించేది. ఆ రోజుల్లో నాన్న మాతో కూర్చుని ఎక్కాలు చెప్పించేవాడు. చిన్నప్పుడు నేను మాల రోజుల్నే లెక్కపెట్టుకునేదాన్ని, ఇంకా ఇరవై ఉన్నాయి, ఇంకా పది ఉన్నాయి అని. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రం భయంగా ఉండేది. తమ్ముడు కూడా ఇక్కడ మాల వేసుకున్నాడు, ఆ 28 రోజుల సెంటరుకు ముందు, మాకెవరికీ అసలు సంగతి చెప్పకుండా. పందొమ్మిదో రోజున ఆగిపోయింది. భక్తి చాలలేదని తనను తాను తిట్టుకున్నాడు. స్వామీ అని పిలిచేవాళ్లు, తోటి స్వాములు, పీఠం, భజన, ఇవేవీ లేని అపార్ట్‌మెంటులో ఒంటరిగా వేసుకున్న మాల అది. నాన్నను నిలబెట్టింది మెడలో ఉన్న పూసలు మాత్రమే కాదని నాకు అప్పుడు తట్టలేదు.

ఆ గుంపు వాడికి ఇక్కడ ఒక చర్చి బేస్‌మెంటులో దొరికింది. మాకు రెండు గంటల దూరంలో ఉన్న ఆక్రన్‌లో 1935లో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ వ్యాపారి, బాబ్ స్మిత్ అనే సర్జన్, ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తమ కథ చెప్పుకోవడంతో మొదలైన పద్ధతి. తమ్ముడు మొదట వెళ్లిన ఒక మీటింగులో, గోలీ వేసుకుంటున్నావు కాబట్టి నువ్వు మానేసినవాడి కింద లెక్క కాదు, మాట్లాడొద్దు అన్నారు. వాడు కారులో కూర్చుని నాకు ఫోన్ చేశాడు. ఇంకోచోటికి వెళ్లు అన్నాను. రెండోచోట ఒక లారీ డ్రైవరు కుర్చీ లాగి కాఫీ ఇచ్చాడట. ఇప్పటికీ గురువారాలు అక్కడికే వెళతాడు. అక్కడ వాళ్లు నెలకొక రంగు బిళ్ల ఇస్తారు. వాళ్లూ రోజులు లెక్కపెట్టేవాళ్లే, కానీ గడిచిన రోజులు లెక్కపెడతారు. మనవాళ్లు మిగిలిన రోజులు అడుగుతారు.

వాళ్లను పొగిడిన వెంటనే నాకు మనవాళ్ల మీద ప్రేమ పొంగుకొస్తుంది, ఏం చేయను. ఆ లారీ డ్రైవరుకు కూతురుతో మాటలు లేక పదకొండేళ్లట. మా అమ్మ ఒక్క ఆదివారం కూడా ఫోన్ మానలేదు, వాడు ఎత్తని రోజుల్లో కూడా. ఇదంతా అమెరికా వాళ్ల వ్యాపారం అని బాబాయి అంటే, పంజాబులో 2017 నుంచి మన ప్రభుత్వమే క్లినిక్కులు పెట్టి ఇదే మందు ఇస్తోందని నేను చెప్పిన మాట పట్టుకుని ఆయనతో వాదించింది అమ్మే.

ఊరికి పంపు, గాలి మారితే అదే పోతుంది అని అమ్మ మొదట్లో అంటే విసుక్కునేదాన్ని. ఆ మాటలో నిజముంది. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు బానిసలైన సైనికుల్ని లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు 1970లలో వెతికి చూస్తే, ఇంటికి వచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనవాళ్లు నూటికి ఐదుగురే. యుద్ధం అక్కడ ఉండిపోయింది, వాళ్లు ఇంటికొచ్చారు. తమ్ముడి ఉద్యోగం, వీసా, ఆ పాత వీధులు అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఊరికి పోయినా తిరిగి వాటి మధ్యకే రావాలి. అందుకే పంపలేదు. ఆరేళ్లయింది వాడు ఇల్లు చూసి.

ఈ సంక్రాంతికి వెళుతున్నాడు. డాక్టరు ఉత్తరం తీసుకున్నాం, ఫార్మసీ పెట్టె మీది పేరు పాస్‌పోర్టు మీది పేరుతో సరిపోయిందో లేదో రెండుసార్లు చూశాను. మందు ఒకసారికి ముప్పై రోజులకే ఇస్తారు. రానూపోనూ ప్రయాణం, విమానం ఆలస్యమైతే అని చేతిలో ఉంచుకునేవి తీసేసి, వేళ్ల మీద లెక్క వేసి టికెట్ కొన్నాం. నిన్న ఆదివారం అమ్మ ఫోన్లో వెంటనే అదే ప్రశ్న వేసింది.

"ఎన్ని రోజులుంటడు బిడ్డా?"

ఇరవై నాలుగు, అన్నాను. అమ్మ గట్టిగా నాన్నకు చెప్పడం వినిపించింది.