అబ్బాయి కంప్యూటరు, అందులో ఎస్ఎంపీఎస్

డిగ్రీ చదివే మా అబ్బాయి రెండేళ్లు సెలవు రోజుల్లో మిరప కోతలకు వెళ్లి రూ. 35,000 కూడబెట్టాడు. ఆటలాడే కంప్యూటరు కట్టుకుంటానన్నాడు. ఆటలకా అని ఇంట్లో కాస్త గొణుక్కున్నాం గానీ, కష్టం వాడిది.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లేముందు అందరం కూర్చుని చీటీ రాశాం. గ్రాఫిక్స్ కార్డు కొంటే మిగతావాటికి డబ్బు చాలదు. అందుకే రైజెన్ 5 5600జి అనుకున్నాం. గ్రాఫిక్స్ దాని లోపలే ఉంటుంది. చివర "జి" లేని 5600 అయితే కార్డు పెట్టేదాకా తెరమీద బొమ్మే రాదు, చూసుకోండి. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. కాబట్టి 16 జీబీ ఒక్కటి కాకుండా 8 జీబీవి రెండు రాశాం. రెండు దారుల్లో అందితే ఆట సాఫీగా సాగుతుంది. తెరకు పాత టీవీ చాలు.

వాదనంతా ఎస్ఎంపీఎస్ దగ్గరే. క్యాబినెట్‌తో వచ్చేది చాలు, దానికి డబ్బు పోస్తే ఆట వేగం పెరగదుగా అన్నాడు. నిజమే. కానీ పల్లె కరెంటు సంగతి మీకు తెలియనిదా? పొలాల్లో మోటార్లు వేయగానే మా దీపాలు మసకబారతాయి. నాసిరకం ఎస్ఎంపీఎస్ కాలిపోతే మదర్‌బోర్డును కూడా వెంట తీసుకుపోవచ్చు. రెండేళ్ల కూలి అది. 550 వాట్లది, మంచి రకం రాయించాం. రేపు మామూలు కార్డు కొన్నా అదే సరిపోతుంది. ఆ తేడా కోసం ఎస్ఎస్‌డీని 1 టీబీ నుంచి 500 జీబీకి దించాం.

రంగు దీపాల ఫ్యాన్లను మాత్రం మేము అడగకుండానే వాడే కొట్టేశాడు.