షవర్ కారుతుంటే ముందు పెరట్లో పైపు పట్టండి

గాల్వేలో షేరింగ్ ఇళ్లలో ఉండే మనవాళ్ల నోట తరచూ వినే మాట: "అన్నా, షవర్ కారుతోంది తప్ప పడట్లేదు." ఓనర్‌ని అడిగితే జవాబు, "ఈ ఏరియాలో ప్రెజర్ తక్కువ." మా ఇంటి ఏజెంటూ అదే అన్నాడు. నిజమో కాదో తేల్చుకోవడానికి పెరట్లో మొక్కలకు నీళ్లు పెట్టే పైపు చాలు.

లెక్క చిన్నదే. 1 బార్ ప్రెజర్ నీళ్లను నిలువు పైపులో దాదాపు 10 మీటర్లు ఎక్కిస్తుంది. 2 బార్లయితే 20. గాల్లోకి చిమ్మితే అంత రాదు. గాలి అడ్డుకుంటుంది, ధార చెదురుతుంది, పైపులో రాపిడికి కొంత పోతుంది. మూతికి వేలు అడ్డం పెడితే ధార పైకి లేస్తుంది కదా, అది వేలు పుట్టించిన బలం కాదు. నీళ్లు తక్కువ పారితే రాపిడికి పోయేది తగ్గుతుంది, లైన్‌లో ఉన్న ప్రెజర్ మూతి దాకా మిగులుతుంది. అంతకు మించి ఎవరి వేలూ ఎత్తలేదు.

మా పెరట్లో పైపు నిలువుగా పట్టి వేలు పెడితే ధార మేడగది కిటికీ దాటి చూరుకి తగిలింది. అంటే వీధి లైన్‌లో ప్రెజర్ ఉంది. మరి పై బాత్రూమ్‌లో ఏమైంది?

ఇక్కడి పాత ఇళ్లలో వంటింటి కుళాయికి నీళ్లు నేరుగా వీధి లైన్ నుంచి వస్తాయి. బాత్రూమ్‌కి ఎక్కువగా అటక మీది ట్యాంకు నుంచి. వీధి ప్రెజర్ ఆ ట్యాంకులో పడగానే అక్కడితో సరి. ఇక దిగే ఎత్తే బలం. ట్యాంకులో నీటిమట్టం షవర్‌కి 1 మీటరు పైన ఉంటే దక్కేది 0.1 బార్. మన ఊళ్లో ఓవర్‌హెడ్ ట్యాంకుని స్తంభాల మీద కట్టేది అందుకే. డాబా మీద సింటెక్స్ ఉన్న ఇంట్లో కింది వాటా కుళాయి జోరుగా, పై వాటాది నీరసంగా వచ్చేదీ అందుకే.

అందుకని ఇక్కడ చాలా ఎలక్ట్రిక్ షవర్ల పెట్టెలోనే మోటారు పెడతారు. అది పాడైతే వీధిలో ఎంత ప్రెజరున్నా షవర్‌కి అందదు. కరెంటు పెట్టె, మీరు విప్పకండి. బాగు చేయించాల్సింది ఓనరు.

మేం ఆరుగురం, తలో షిఫ్టు. నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీ చేసొచ్చిన తమ్ముడు బకెట్ పట్టుకుని వంటింటి కుళాయి దగ్గర నిలబడేవాడు. పైపు ధార వీడియో, కారుతున్న షవర్ వీడియో రెండూ ఏజెంటుకి పంపి, "లైన్ బాగుంది, మోటారు చూపించండి" అని రాశాను. మరుసటి వారం షవర్ పెట్టె మార్చారు.

మీరూ మాటల్లో కాదు, రాతలో అడగండి. అద్దె ఇళ్లపై 2019 నిబంధనల ప్రకారం షవర్ లేదా స్నానపు తొట్టి, దానికి చల్లనీళ్లు, వేడినీళ్లు ఉండి తీరాలి. ఓనరు పట్టించుకోకపోతే నగరంలో గాల్వే సిటీ కౌన్సిల్‌కి చెప్పొచ్చు. పైపు ధార కూడా నడుం ఎత్తు దాటకపోతే లోపం లైన్‌లో ఉండొచ్చు. పక్కింటివాళ్లని అడిగి, వాళ్లకీ అంతే అయితే ఇష్కా ఏరన్‌కి ఫోన్ చేయండి.

ఇంకొకటి. తాగే నీళ్లు వంటింటి కుళాయిలోనే పట్టుకోండి. బాత్రూమ్‌వి అటక ట్యాంకులో నిలవున్న నీళ్లు.