మూగజీవుల శరణాలయము

మహాభారతమును శ్రద్ధతో చదివినవారికి ఒక విశేషము తోపక మానదు. ఆ మహాకథ ఇంచుమించుగా ఒక కుక్కతో మొదలగును. ఇంచుమించుగా ఒక కుక్కతోనే ముగియును. ఆదిపర్వమున జనమేజయుడు యాగము చేయుచుండగా, సరమ యను దేవశునకము కొడుకు ఆడుకొనుచు ఆ చోటికి వచ్చెను. ఏ తప్పును చేయని ఆ పిల్లను రాజు తమ్ములు కొట్టిరి. అది ఏడ్చుచు పోయి తల్లితో చెప్పుకొనెను. సరమ నేరుగా రాజు కడకు వచ్చి, నిరపరాధిని బాధించినవారికి ఎదురుచూడని భయములు కలుగునని చెప్పి పోయెను. కథ కడపట మహాప్రస్థానమున ధర్మరాజును విడువక నడచినదియు ఒక కుక్కయే. దానిని విడిచి రథమెక్కుమని దేవేంద్రుడు పలికినను ధర్మరాజు ఒప్పుకొనలేదు. నడుమ జరిగిన యుద్ధములో ఏనుగులును గుఱ్ఱములును లెక్కకు మిక్కిలిగా కూలినవి. వానిని గూర్చి న్యాయమడిగినవారు కానరారు. అడుగుటకు వచ్చినది సరమ ఒక్కతెయే.

మూగజీవికి నీడనిచ్చుట ధర్మమని కవులు చెప్పుట వేఱు. ఊరివారు కలసి ఆ నీడను కట్టి, దినదినమును నడపుట వేఱు. గుత్తికి చేరువనున్న ఎఱ్ఱగుడి కొండరాళ్ళపై అశోకుని శాసనములు కలవు. మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పరచినట్లును, మూలికలు లేనిచోట వానిని తెప్పించి నాటించినట్లును అందు చెక్కబడియున్నది. ఆ మాట తెలుగు నేలపై ఇరువది రెండు శతాబ్దములకు పూర్వమే వెలసినను, మన పల్లెలు చిరకాలమెఱిగిన జంతుగృహము బందెలదొడ్డి మాత్రమే. పరుల చేను మేసిన పశువును అందులోనికి తోలి, యజమాని అపరాధ రుసుము చెల్లించువఱకు నిలిపియుంచెడివారు. అది చేనికి రక్షయే కాని పశువునకు ఆశ్రయము కాదు.

బొంబాయిలో ఆశ్రయము పుట్టిన విధము చిత్రమైనది. 1832లో ఈస్టిండియా కంపెనీవారు ఆ పట్టణపు వీధికుక్కలను చంపింపబూని, చంపిన ప్రతి కుక్కకును కొంత రొక్కము ముట్టజెప్పసాగిరి. రొక్కమునకు ఆశపడినవారు వీధితో తృప్తిపడరు గదా! ఇండ్ల ముంగిళ్ళలోని పెంపుడు కుక్కలను సైతము లాగికొనిపోయిరి. కుక్కను పవిత్రముగా నెంచు పార్సీలు ఆ జూన్ నెలలో తిరుగబడిరి. హిందువులు, జైనులు, ముస్లిములు వారితో చేరిరి. అంగళ్ళు మూతపడినవి, కోటలోని దొరలకు ఆహారపదార్థములు అందలేదు. పోలీసులు, సైనికులు వచ్చి అల్లరి నణచిరి గాని, దానికి మూలమైన ప్రశ్న అణగలేదు. కుక్కలను చంపకున్నచో ఏమి చేయవలెను? 1834లో జంషేట్‌జీ జీజీభాయి యను పార్సీ వర్తకుడు, జైన వర్తకుల తోడ్పాటుతో, భులేశ్వరమున పాంజరాపోలు నెలకొల్పెను. దిక్కులేని జంతువులకు మేతయు నీడయు నిచ్చు ఆ ఆవరణము తరతరములుగా నిలిచినది. అందిప్పుడు ఆవులే హెచ్చు.

బొంబాయిలో అల్లరి చేసిన పనిని మద్రాసులో వాన చేసెను. 1959లో వానలు మిక్కుటమై త్యాగరాయనగరపు వీధులు మునిగినవి. విమానచోదకుడైన కెప్టెన్ వి. సుందరముగారు ఆ నీటిలో కొట్టుకొనుచున్న రెండు కుక్కపిల్లలను చూచి, ఎత్తి ఇంటికి తెచ్చిరి. ఆయన భార్య ఉషా సుందరముగారును విమానము నడపిన విదుషీమణియే. 1951లో ఆ దంపతులు ఒక చిన్న విమానమును లండను నుండి బొంబాయికి ఇరువది యేడు గంటలలో తెచ్చి పేరొందియుండిరి. అంత ఎత్తున తిరిగినవారికి వీధినీటిలోని రెండు పిల్లలు కంటబడుటయే వింత. వానిని తుడిచి పాలు పోయుటతో వారు తమ పని ముగిసినదనుకొనలేదు. ఇల్లే శరణాలయమైనది, బిడ్డలే పరిచారకులైరి. 1964లో ఆ సంస్థ ‘బ్లూ క్రాస్’ పేరిట రిజిస్టరైనది. పిమ్మట గిండీలో వేళచ్చేరి దారిన దానికొక పెద్ద ఆవరణము అమరినది.

వారికెదురైన చిక్కు చిన్నది కాదు. ఆ నగరమున వీధికుక్కలను పట్టి చంపు ఆచారము పందొమ్మిదవ శతాబ్దము నుండియు నుండెను. 1990వ దశకపు నడిమి నాటికి దినమునకు నూటికి మించిన కుక్కలు చచ్చుచుండెను. అయినను వీధులలో కుక్కలు తగ్గలేదు. రేబీసు మరణములును ఆగలేదు. ఇందులో మర్మమేమియు లేదు. ప్రతి కుక్కకును తనదని యెంచు కొంత వీధి యుండును. అచట దొరకు ఎంగిలి మెతుకులను బట్టి ఇన్ని కుక్కలు బ్రతుకవచ్చునను లెక్క ఏర్పడును. ఆ కుక్కలు పోయినచో చెత్తకుప్ప పోదు. ప్రక్కవీధి కుక్కలు ఆ చోటికి వచ్చును. ఆడుకుక్క రెండు నెలలే గర్భము మోసి ఒక్క ఈతలో నాలుగైదు పిల్లలను పెట్టును గనుక, వెలితి త్వరలోనే పూడును. నూతిలోని ఊటను మూయక చేదతో నీరు తోడుటవంటి దీ పని.

దీనికి విరుగుడుగా సుందరముగారి కుమారుడు చిన్నికృష్ణగారును ఆయన తోడివారును చెప్పిన ఉపాయము వినుటకు సులభము, చేయుటకు కష్టము. కుక్కను పట్టి తెచ్చి, పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేసి, రేబీసు టీకా వేసి, పట్టిన వీధిలోనే మరల విడువవలెను. అది తన వీధిని కాచుకొని క్రొత్త కుక్కలను రానీయదు. దాని సంతతి పెరుగదు. దాని కాటు వలన రేబీసు రాదు. ఈ మాటను నగరపాలకులు నమ్ముటకు ముప్పది యేండ్లు పట్టినది. 1996లో మద్రాసు నగరపాలక సంస్థ చంపుట మాని ఈ పద్ధతిని చేపట్టెను. తరువాతి యేండ్లలో అచట రేబీసు మరణములు మిక్కిలి తగ్గినవి. 2001లో కేంద్రప్రభుత్వము ఇదే పద్ధతిని దేశమంతటికిని నియమముగా చేసెను. 2023లో ఆ నియమములను క్రొత్తగా సవరించెను. తెలుగునాట 1992లో అమల అక్కినేనిగారు హైదరాబాదున బ్లూ క్రాస్‌ను స్థాపించిరి. 1996లో విశాఖపట్టణమున మఱియొక జంతు సంరక్షణ సంస్థ వెలసినది.

శరణాలయమనగానే కుక్కలను కొనియుంచు కొట్టమని పలువురు తలతురు. దాని వాకిట ఒక ఉదయము నిలుచుండి చూచినచో ఆ తలపు మారును. మోటారుబండి క్రిందపడి నడుము విరిగిన కుక్కను గోనెసంచిపై మోసికొని ఇద్దరు కూలీలు వత్తురు. సంక్రాంతి దినములలోనైన రెక్కలు తెగిన కాకులును గ్రద్దలును వచ్చును. గాజుపొడి పూసిన గాలిపటపు దారము చెట్ల కొమ్మల మీద నెలల తరబడి వ్రేలాడుచుండుటయే అందుకు కారణము. దీపావళి మరునాడు ఇల్లు తప్పిన పెంపుడు కుక్కలు వచ్చును. బాణసంచా మ్రోతకు బెదరి త్రాడు తెంచుకొని పరుగెత్తినవి అవి. వాని వెనుకనే కన్నీళ్ళతో వాని యజమానులును వత్తురు. ఒక ప్రక్క పెద్ద గుండిగలలో అన్నముడుకుచుండును. మఱియొక ప్రక్క పశువైద్యుడు శస్త్రచికిత్సకు చేతులు కడుగుకొనుచుండును.

మిక్కిలి బాధ కలిగించునది మాత్రము గాయపడిన జంతువు కాదు. మెడలో మంచి పట్టెడతో, శరీరమున ఏ గాయమును లేక, గేటు కమ్మికి కట్టబడి తెల్లవారువఱకు కూర్చున్న పెంపుడు కుక్క. యజమానికి బదిలీ యైనది. లేదా బిడ్డ పుట్టినది. లేదా కుక్క ముసలిదైనది. ఆశతో కొన్నప్పుడు అది అరచేతిలో పట్టినది; పెరిగిన పిమ్మట వాకిట పట్టలేదు. అట్టి కుక్క మొదటి రెండు మూడు దినములు అన్నము ముట్టదు. గేటు చప్పుడైనప్పుడెల్ల లేచి చూచును. వీధిలో పుట్టినది వీధిలో బ్రతుకగలదు; ఇంట పెరిగినది అట్లు బ్రతుకలేదు. కావుననే మంచి శరణాలయమువారు కుక్కను పెంపునకడిగినవారికి వెంటనే ఈయరు. ఇంటిల్లిపాదికిని ఇష్టమేనా? ఊరికి పోయినప్పుడు ఎవరు చూతురు? టీకాలు ఎవరు వేయింతురు? ఇట్టి ప్రశ్నలకు కొందరు కోపగించుకొని వెళ్ళిపోవుదురు. అట్లు వెళ్ళుటయే మేలు. గేటు కమ్మికి కట్టబడు కుక్క ఒకటి తగ్గినది.

దయకును హద్దు కలదను సంగతి శరణాలయమువారికి తెలిసినట్లు ఇతరులకు తెలియదు. ఏబది కుక్కలకు కట్టిన చోట నూటయేబది చేరినచో పార్వో, డిస్టెంపరు మొదలగు అంటువ్యాధులు ఒకదానినుండి యొకదానికి ప్రాకును. రక్షింపదలచి తెచ్చిన పిల్లలే ముందుగా పోవును. వచ్చిన ప్రతి జంతువును పుచ్చుకొనుట ఔదార్యముగా కనబడును గాని, అది క్రూరత్వమునకు దారి తీయవచ్చును. “మా వద్ద చోటు లేదు, మీ వీధిలోనే దీనిని చూచుకొనుడు, మందు మేమిత్తుము” అని చెప్పగలుగుటకు గుండెనిబ్బరము వలయును.

ఎదుటి పక్షమువారి మాటయు త్రోసివేయదగినది కాదు. 2023లో హైదరాబాదున వీధికుక్కలు మీదబడి ఒక పసివాని ప్రాణము తీసినవి. అట్టి తల్లిదండ్రుల ఎదుట జీవకారుణ్యమును గూర్చి ఉపన్యసింప నెవరికిని నోరు రాదు. 2025 ఆగస్టులో ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటిని శరణాలయములకు తరలింపుడని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. లక్షల కుక్కలకు చోటెక్కడ అను ప్రశ్న పుట్టెను. పదునొకండు దినములకే ఆ ఆజ్ఞ సవరింపబడి, రేబీసు సోకినవి, కరచు స్వభావము గలవి తప్ప తక్కినవి చికిత్సయు టీకాయు పొంది తమ వీధులకు మరలుటకు వీలు కలిగెను. అదే యేటి నవంబరులో పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సుస్టాండ్లు, రైల్వేస్టేషన్లు మొదలగు ఆవరణములనుండి తీసిన కుక్కలను మరల అచట విడువరాదని కోర్టు చెప్పెను. ఇందరు పెద్దలు వాదించిన ఈ వ్యవహారమున తేలిన సంగతి యొకటి: గోడలు కట్టినంత మాత్రమున పని కాదు. ఒక ప్రాంతపు కుక్కలలో నూటికి డెబ్బదింటికైన టీకా పడినప్పుడే రేబీసు గొలుసు తెగునని వైద్యులు చెప్పుదురు. ఆ డెబ్బదింటిని పట్టుట శరణాలయపు బండివారి వలన మాత్రమే కాదు. ఏ కుక్క ఏ అరుగు క్రింద పండుకొనునో, ఏది ఈనినదో, ఏది నిన్నటినుండి నురుగు క్రక్కుచు తూలుచున్నదో ఆ వీధివారికే తెలియును. వారు కబురు చేయనిచో వలతో వచ్చినవారు ఉత్తచేతులతో మరలుదురు.

కబురు చేయువారిలో బడిపిల్లలే ముందుందురు. వారికి శరణాలయమువారు మొదట నేర్పునది కుక్కను నిమురుట కాదు. తినుచున్న కుక్క చెంతకును, పిల్లల తల్లి చెంతకును పోరాదని నేర్పుదురు. కుక్క కరచినచో పసుపు, సున్నము, కారము అద్దక, ధారగా పడు నీటితో సబ్బు రాచి పదునైదు నిమిషములు కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెనని నేర్పుదురు. మానిన గాయమును చూచి టీకాలు నడుమ నాపరాదని మరి మరి చెప్పుదురు. రేబీసు లక్షణములు పైకి కనబడిన పిమ్మట బ్రదికినవారు అత్యంత అరుదు.

శస్త్రచికిత్స జరిగిన కుక్కలను నాలుగైదు దినములు కనిపెట్టి చూచి, గాయము మానిన పిదప బండిలో తిరిగి తీసికొనిపోవుదురు. గుర్తునకై వాని చెవి అంచున చిన్న గాటు పెట్టియుందురు. బండి తలుపు తీసినంతనే కుక్క దుముకదు. మొదట తల వెలికి పెట్టి వాసన చూచును. టీ కొట్టు పొగ, చెప్పులు కుట్టువాని తోలు, మూలనున్న కుళాయి తడి, ఇవి తనవేనని తెలిసికొని నెమ్మదిగా దిగును. కొట్టువాడు బల్ల తుడుచుట ఆపి దాని చెవివంక చూచును. అది బల్ల క్రిందికి దూరి, రెండు చుట్లు తిరిగి, ఎప్పటి చోటనే పండుకొనును.