నోరు తిరగని పేర్లా? కలిసి చదివి చూడండి!

పిల్లలకి కథ చదివి వినిపిస్తుంటే నోరు తిరగని పేరొకటి వస్తుంది. అప్పుడు మీరేం చేస్తారు? చాలామందిమి మొదటి అక్షరం పలికేసి దాటేస్తాం. అక్కడే ఆగండి అంటాను నేను. అసలు కథ ఒక్కోసారి ఆ పేరులోనే ఉంటుంది.

మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక పుస్తకం పట్టుకోవడం అలవాటు. మొదట 'రైలుబడి' చదివాం. జపాన్ రచయిత్రి తెత్సుకో కురోయానాగి తన చిన్ననాటి బడి గురించి రాసుకున్న పుస్తకం, 1981లో వచ్చింది. అందులో పాప టోటోచాన్. అందరూ 'తెత్సుకో చాన్' అని పిలుస్తుంటే ఆ పసిదానికి 'టోటోచాన్' అని వినిపించేదట. చివరి 'చాన్' ముద్దుపిలుపు, మనం 'బుజ్జి' తగిలించినట్టు. ఇంకో సంగతి, జపాన్‌లో ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. అచ్చం మనలాగే! చైనా, కొరియా వాళ్లదీ ఇదే పద్ధతి.

ఈ మాట విని మా చెల్లెలి కొడుకు లేచి కూర్చున్నాడు. ఎనిమిదేళ్లవాడు, సెలవులకి అమెరికా నుంచి వచ్చాడు. వాడికి మా నాన్నగారి పేరే పెట్టుకుంది చెల్లెలు, సుబ్రహ్మణ్యం అని. అక్కడ క్లాసులో దాన్ని 'సబ్' చేశారట. సెలవు పెట్టిన టీచరు బదులు వచ్చేవాళ్లని అక్కడ 'సబ్' అంటారు కాబట్టి ఒకటే నవ్వులట. "పెద్దమ్మా, నేను పేరు మార్చుకోవచ్చా?" అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. తాత పేరురా అంటే వినే వయసా అది? ఏమీ అనకుండా మర్నాడు రష్యా కథల పుస్తకం తీశాను. అక్కడ బయట అలెగ్జాండర్, ఇంట్లో సాషా. బయట మారియా, ఇంట్లో మాషా. టాల్‌స్టాయ్ పేరులోని 'నికొలాయెవిచ్' అంటే నికొలాయ్ కొడుకని. వాడు చాలాసేపు ఆలోచించి, "అయితే కాగితం మీద సుబ్రహ్మణ్యం, ఫ్రెండ్స్‌కి సుబ్బు" అన్నాడు. ఇప్పుడు టీచరుకి ముక్కలు చేసి పలకడం నేర్పుతున్నాడట. కొందరు పిల్లలు ఇంకా 'సబ్' అంటూనే ఉన్నారని చెల్లెలు చెప్పింది. ఒక్కరోజులో పోయేదా అది?

బర్మా పేర్లయితే మా అమ్మాయికి మహా ఇష్టం. అక్కడ ఇంటిపేర్ల గొడవే లేదు. ఆంగ్ సాన్ సూకీ పేరులో 'ఆంగ్ సాన్' నాన్నది, 'సూ' నాయనమ్మది, 'కీ' అమ్మది! నాయనమ్మకీ అమ్మకీ కూడా చోటిచ్చిన పేరు, మనలో ఎందరికుంది చెప్పండి? 1961 నుంచి 1971 దాకా ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఊ థాంట్ పేరు జి.కె. పుస్తకంలో బట్టీపట్టాం కదా. అందులో 'ఊ' పేరే కాదు, పెద్దవాళ్లకి తగిలించే గౌరవం, మన 'గారు' లాగా. ఆయన పేరల్లా థాంట్ ఒక్కటే.

ఒక చిట్కా చెబుతాను. కొత్త పేరు రాగానే ఇంగ్లీషు స్పెల్లింగు చూసి కుస్తీ పట్టకుండా, పలికే తీరు తెలుసుకుని తెలుగు అక్షరాల్లో రాయించండి. మన లిపిలో రాసింది రాసినట్టే పలుకుతాం కాబట్టి పిల్లలకి సులువు. పాత నోటుబుక్కు చాలు, పక్కన అట్లాసు ఉంటే మరీ మంచిది. అంతేగానీ మర్నాడు అప్పజెప్పమని కూర్చోబెట్టకండి, పుస్తకమంటేనే పారిపోతారు.

ఈమధ్య ఘనా దేశం వంతు వచ్చింది. అక్కడి అకాన్ జాతివాళ్లు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. శుక్రవారం పుట్టిన మగపిల్లాడు కోఫీ, కోఫీ అన్నన్ గారిలాగా. మనమూ శుక్రవారం ఆడపిల్ల పుడితే లక్ష్మి అంటాం కదా! ఇంకేం, ఇంటిల్లిపాదీ ఎవరే వారం పుట్టారో లెక్క తీశారు. మావారు బుధవారం, అంటే క్వాకు. నేను శనివారం. అక్కడ పుట్టి ఉంటే నా పేరు 'అమా' అట. పిల్లలు రెండు రోజులు అలాగే పిలిచారు, నాకేమీ తేడా తెలియలేదు.