మందు రాయలేదంటే జబ్బు లేదని కాదు

"మందియ్యలే, సూదియ్యలే. ఏం లేకనే గద సారూ!" సూరత్‌లోని అమ్రోలి సాంచాల (మరమగ్గాల) షెడ్లలో పనిచేసే మనవాళ్ల నోట ఈ మాట విన్నప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ తొలి దశలో ఉంది, ఇప్పుడే ఆపరేషన్ వద్దు, కనిపెట్టుకుని ఉందాం అంటాను. తలూపుతారు. ఆరు నెలలకు రమ్మంటే రారు.

బయాప్సీలో క్యాన్సర్ తీవ్రతను చెప్పే గ్లీసన్ స్కోరు 6 వచ్చి, రక్తపరీక్షలో పీఎస్‌ఏ తక్కువగా ఉంటే క్యాన్సర్ ఏళ్ల తరబడి కదలకపోవచ్చు. తొందరపడి కోస్తే మూత్రం ఆగకపోవడం, మగతనం తగ్గడం లాంటి బాధలు మిగలొచ్చు. పన్నెండు గంటలు సాంచ ముందు నిలబడే మనిషికి అది చిన్న కష్టమా? బ్రిటన్‌లో 1,643 మందితో చేసిన ప్రోటెక్ట్ అధ్యయనం పదిహేనేళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ఆపరేషన్, రేడియేషన్, కనిపెట్టుకుని ఉండటం, ఏ దారిలో వెళ్లినా నూటికి 97 మందిని ఈ క్యాన్సర్ చంపలేదు. ఇంతవరకే విని సంబరపడతారు. కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో సగానికి పైగా తర్వాత చికిత్స చేయించుకున్నారని కూడా చెబుతాను. అది చెవికెక్కదు.

సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడే తల నెరిసిన ఒకాయన, ఆరు నెలలకు రమ్మంటే ఏళ్ల తర్వాత నడుంనొప్పితో వచ్చాడు. పాత రిపోర్టు చీరముక్కలో భద్రంగా చుట్టి తెచ్చాడు. మడతల దగ్గర చిరిగి పీఎస్‌ఏ అంకె కనబడటం లేదు. ఊళ్లో ఎవరో పసరు పోశారట. క్యాన్సర్ ఎముకలకు పాకింది. హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాం.

బయాప్సీ సూదికి చిక్కేది గ్రంథిలో సన్నటి పోగులే. ముదురు భాగం పక్కనే దాక్కుని ఉండొచ్చు. మళ్లీ బయాప్సీ చేయాలనేది అందుకే. "చెప్పాను కదా పెద్దాయనా" అని గట్టిగానే అన్నాను. ఆయన తల దించుకున్నాడు. "పూట పోతే మీటర్లు పోతయి సారూ, బిడ్డ పెండ్లి ఉండె" అంది పక్కనున్న భార్య. ఆమెను ఏమని కోప్పడను?

అమ్మా, కోడళ్లారా, మళ్లీ రమ్మన్న తారీఖు మీరు గుర్తు పెట్టుకోండి. దీపావళికి సాంచాలు ఆగితే రైలెక్కే ముందే మీ ఇంటి పెద్దాయనకు పీఎస్‌ఏ రక్తపరీక్ష చేయించండి. ఊళ్లోనే ఉండిపోయారా, సిరిసిల్లలోనో కరీంనగర్‌లోనో రక్తమిచ్చి ఆ కాగితం ఫోటో తీసి పంపండి. చూసి చెబుతాను.