వేరుగా పెట్టిన గ్లాసు

మా తోడికోడలు పలాసలో జీడిపిక్కలు కొట్టుపనికి పోవును. పిక్క తొక్కలోని జీడినూనె తగిలి వ్రేళ్లు పొక్కుట అచ్చటి స్త్రీలకు క్రొత్తగాదు. మూడేండ్ల క్రిందట ఆమె మోచేతులమీదను మోకాళ్లమీదను ఎఱ్ఱని మచ్చలు లేచి, తెల్లని పొలుసులు రాలసాగినవి. మొదట జీడినూనె పొక్కులే యనుకొంటిమి. పిమ్మట గజ్జి యని భయపడి, చెప్పుటకు సిగ్గగుచున్నది, ఆమె గ్లాసు వేరుగా నుంచితిమి.

టెక్కలికి తీసికొనిపోయి హోమియోపతి మాత్రలిప్పించితిమి. వేసవిలో మచ్చలు తగ్గినవి. మా యానందమునకు మేర లేదు! చలికాలము రాగానే మరల లేచినవి. అప్పుడు చర్మవైద్యుని కడకు పోతిమి. అది సోరియాసిసట. దేహరక్షణశక్తి తన చర్మముమీదనే తిరుగబడుటచే కలుగును. అంటువ్యాధి కానే కాదు. చర్మము గాయపడినచోటను మచ్చ లేవవచ్చును. అనేకులకు ఎండకాలమున తగ్గి చలికి హెచ్చుట దీని నైజము. హోమియో మాత్రలు దీనిని కుదుర్చునని నమ్మదగిన పరీక్షలేవియు లేవు. ఎండ చేసిన మేలును మాత్రలకు కట్టబెట్టితిమి కాబోలు.

సోదరీమణులారా, మా ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి యధికము. సోరియాసిస్‌కిచ్చు మెథోట్రెక్సేట్ మూత్రపిండముల ద్వారా వెలువడును. సైక్లోస్పోరిన్ వానికే చెరుపు చేయగలదు. కావున అట్టి మందులకు ముందే రక్తములో క్రియాటినిన్ ఎంతయున్నదో చూపించుకొనుడు. మేమును చూపించితిమి.

ఇప్పుడు పూతమందుతో నెమ్మదిగా నున్నది. గ్లాసు నెప్పుడో తక్కినవానితో కలిపివేసితిమి. ఆమె మాత్రము నేటికిని దోసిటితోనే నీళ్లు త్రాగును.