మెట్ల వీధి అభ్యర్థి

మా పక్కింటి టీచరుగారు కార్పొరేషన్ యెన్నికల్లో నిలబడతానన్నప్పుడు వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. వీధి అంటే మీరు మరోలా వూహించుకునేరు. మాది మెట్ల వీధి. విజయవాడలో కొత్తపేట, మొగల్రాజపురం, గుణదల అనేమిటి, కొండవాలు కనిపించిన చోటల్లా యిళ్లు పైపైకి పాకివున్నాయి. అలాంటి వాలులోనే మా యిల్లూ వుంది, కింది రోడ్డునించి 112వ మెట్టు పక్కన. కూరల సంచీ, గ్యాస్ సిలిండరూ, కొత్త పెళ్లికూతురూ, అందరూ ఆ మెట్లే యెక్కి రావాలి.

యెక్కడం ఒక యెత్తయితే దిగడం మరో యెత్తు. 2019 వానాకాలంలో మా అమ్మకు ఒక రాత్రి వొంట్లో బాగాలేక 108 బండిని పిలిచాం. బండి రోడ్డుమీదే ఆగింది. వాళ్ల తప్పేముంది, చక్రాలు మెట్లెక్కవు గదా! అమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టి నలుగురం మోసుకు దిగాం. మెట్లన్నీ జారుడు. పట్టుకుందామంటే కడ్డీ లేదు. కుర్చీ దించి వూపిరి పీల్చుకుందామంటే జానెడు చదును లేదు. టార్చిలైటు పట్టుకుని ముందు నడిచింది టీచరుగారే. "అన్నయ్యగారూ, యీ మెట్టు అంచు విరిగింది, జాగ్రత్త" అంటూ ఒక్కొక్క మెట్టే లెక్కపెట్టింది. లెక్కల టీచరుగా రిటైరయిన మనిషి మరి. 112 అన్న లెక్క ఆ రాత్రే తేలింది. అమ్మ వారం రోజుల్లో కోలుకుని యింటికొచ్చింది, అదే కుర్చీలో.

టీచరుగారి కోరికల జాబితా చాలా చిన్నది. మెట్ల పొడుగునా పట్టుకోవడానికి యినపగొట్టం, 30 మెట్లకొక చదునూ దానిమీద ఒక రాతిబల్లా, నాలుగు దీపాలు.

"యింతేనా అమ్మా?" అన్నాడు మా వీధిలో రాజకీయాలు తెలిసిన పెద్దమనిషి. "ఫ్లైవోవరో మరోటో అనకపోతే వోట్లెవరు వేస్తారు?"

"మీ పిన్నిగారు ఫ్లైవోవరుమీంచి దిగుతారా బాబాయిగారూ?" అంది ఆవిడ.

నాకూ వుబలాటం కలిగి 74వ రాజ్యాంగ సవరణ తెచ్చి చదివాను. 1992లో చేసిన ఆ సవరణ పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 విషయాలను పన్నెండో షెడ్యూలులో రాసిపెట్టింది. రోడ్లూ వంతెనలూ వున్నాయి, మంచినీళ్లున్నాయి, వీధిదీపాలున్నాయి, చివరికి శ్మశానాలు కూడా వున్నాయి. మెట్లు మాత్రం లేవు! "రోడ్డు నిటారుగా నిలబడితే మెట్లే గదండీ, ఆ ఖాతాలోనే రాయిద్దాం" అంది టీచరుగారు. వాదన నచ్చింది. ప్రతిపాదకుడిగా సంతకం చేశాను.

2020 మార్చిలో నామినేషన్ వేసింది. ఆ నెల 15న కరోనా కారణంగా యెన్నికలు వాయిదా పడ్డాయి. ఆగిన చోటునించే మళ్లీ మొదలై, పోలింగు జరిగింది 2021 మార్చి 10న. హాలు టిక్కెట్టు చేతికొచ్చాక పరీక్ష యేడాది వెనక్కి జరిగినట్టు, ఆవిడ అన్నాళ్లూ అభ్యర్థిగానే వుండిపోయింది. లాక్‌డౌన్ రోజుల్లో పై యిళ్లలో ఒంటరిగా వున్న ముసలివాళ్లకు మందులు తెప్పించి, బుట్టకు తాడుకట్టి కుర్రాళ్లచేత పైకి లాగించేది. "ప్రచారం జోరుగానే వుందే" అని వెటకారమాడినవాళ్లున్నారు. వాళ్లింటి మాత్రలూ ఆ బుట్టలోనే వెళ్లేవి.

పోలింగు దగ్గరపడ్డాక అసలు చిక్కు బయటపడింది. ఆవిడంటే అందరికీ గౌరవమే. కాని యే పార్టీ అండా లేని మనిషాయె. మా ఆవిడే ఒక సాయంత్రం గొంతు తగ్గించి, "యేమండీ, ఓడిపోయేవాళ్లకు వోటేస్తే, రేపు గెలిచినవాళ్లు మన మెట్లకేసి చూడరని అనుకుంటున్నారండీ" అంది. నవ్వి తోసెయ్యగల మాట కాదు. రెండు బిందెల నీళ్లకోసం పొద్దున్నే వంతు కాసే యింట్లో అది భయమే. వోటు వేసేటప్పుడు కూడా జనం కుళాయికేసి చూసుకోవలసి రావడం నాకు ఆ యెన్నికలన్నిటిలోకీ బాధ కలిగించిన సంగతి. టీచరుగారి దగ్గర విసుక్కుంటే, "వాళ్లనేమీ అనకండి అన్నయ్యగారూ, నీళ్లు మోసేది వాళ్లు" అని వూరుకుంది.

ఆ మాటు వోటింగు కాగితపు బ్యాలెట్లతోనే. మా అమ్మ పట్టుబట్టి మళ్లీ కుర్చీ యెక్కింది. మధ్యలో కుర్చీని మోకాళ్లమీద ఆనించుకుని మూడుసార్లు ఆగాం.

14న లెక్కపెట్టారు. నగరంలో 64 డివిజన్లు. మా డివిజన్‌లో టీచరుగారు ఓడిపోయింది. అయితే పడిన వోట్లు మా మెట్లమీద వున్న మొత్తం వోట్లకంటే యెక్కువ. పక్క మెట్ల వీధులవాళ్లూ వేశారన్నమాట.

వారం తిరక్కుండా గెలిచినాయన కృతజ్ఞతలు చెప్పడానికి దండలతో, మందితో బయలుదేరాడు. 60వ మెట్టు దగ్గర ఆయాసంతో చతికిలబడ్డాడు. టీచరుగారు గ్లాసెడు మజ్జిగ యిచ్చి, ఆయన తాగడం అయ్యాక అర్జీ చేతికిచ్చింది. అవే మూడు కోరికలు, కింద మా అందరి సంతకాలు. ఆయనకు మాట పెగల్లేదు, తల వూపాడు. వొప్పుకోవడమో ఆయాసమో తెలియలేదు.

పైన అరుగుమీంచి మా అమ్మ కేకేసింది. "యింకా 52 వున్నాయి నాయనా, నెమ్మదిగా రా!"